విసర్గ పట్టని చోటు

తెనాలి గాంధీచౌక్ వెనక సందులో మా బాబాయికి క్యాసెట్ల కొట్టు ఉండేది. కొట్టంటే పది అడుగుల గది. గోడల నిండా చెక్క అరలు, బల్ల మీద రెండు టేప్ డెక్కులు, మూల ఒక ముక్కాలిపీట. వేసవి సెలవులిస్తే నా పగళ్ళన్నీ ఆ పీట మీదే. జనం తమకు కావలసిన పాటల పట్టీ కాగితం మీద రాసుకొచ్చేవారు. బాబాయి వాటిని ఏరి తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి, లోపలి అట్ట మీద నల్లసిరాతో పేర్లు రాసేవాడు. చోటు చాలకపోతే అక్షరాన్ని సన్నం చేసేవాడు గానీ పేరును మాత్రం సగంలో తెంచేవాడు కాదు. ‘ఖ’లో ఆ మెలికను, ‘ణ’ కడుపును ఆయన రాస్తుంటే నేను నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. పాటల పేర్లన్నీ సీరియల్ నంబర్లతో ఒక లాంగ్ బుక్కులోకి కూడా ఎక్కేవి.

2002 వేసవిలో కొట్లోకి కంప్యూటరు దిగింది. విండోస్ 98, పక్కన సీడీ రైటరు. 700 ఎంబీ సీడీలో నూటయాభై పాటలు పడుతుంటే క్యాసెట్ ఎవరడుగుతారు? కీబోర్డు బాబాయికి కొత్త, అందుకని పేర్లు కొట్టే పని నాకొచ్చింది. అప్పుడు నేను ఏడో తరగతి.

ఆ కంప్యూటర్లో ఫైలుకి తెలుగులో పేరు పెట్టే దారి లేదు. పక్క డీటీపీ సెంటర్లో పెళ్ళిశుభలేఖలు తెలుగులోనే అచ్చవుతున్నాయి కదా అని నాకు ఆశ. అక్కడి అక్షరాలు తెచ్చి ఫైలు పేరులో అతికిస్తే పొంతన లేని ఇంగ్లీషు అక్షరాలు పరుచుకున్నాయి. ఆ ఫాంట్లలో తెలుగు బొమ్మకే తెలుగు, లోపల దాచుకున్న అంకె ఇంగ్లీషుదే. ఫాంటు లేనిచోట ముసుగు జారిపోతుంది. చేసేది లేక ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాను. అందులో కల, కళ, దీర్ఘం రాల్చుకున్న ‘కాల’, మూడూ ఒకటే స్పెల్లింగు. ‘మల్లి’కీ ‘మళ్ళీ’కీ తేడా లేదు. బాబాయి తెర మీదికి వంగి, వేలితో అక్షరాలు తడుముతూ, “ఇది పువ్వా, రెండోసారా?” అని అడిగేవాడు.

ఇంకో చిక్కు ఇళ్ళల్లో బయటపడింది. కొన్ని ప్లేయర్లు ఫైలు పేర్లలో మొదటి ఆరక్షరాలే చూపించి, వెనక ఒక అలల గీత, ఒక అంకె తగిలించేవి. పాత డాస్ రోజుల ఎనిమిదక్షరాల కట్టుబాటు అది. సినిమా పేరు ముందు పెట్టాను కాబట్టి మాయాబజార్ పాటలన్నీ ఒకే పేరుతో వరసగా నిలబడ్డాయి. “అన్నీ ఒకే పాటా ఏమిటయ్యా?” అని జనం సీడీలు వెనక్కి తెచ్చారు. బాబాయి ఒక పూటంతా ఆలోచించి, ప్రతి పేరు ముందూ అంకె పెట్టమన్నాడు. ఒకటి, రెండు అని పెడితే రెండుకంటే ముందు పది వచ్చి కూర్చుంది. సున్నా ఒకటి, సున్నా రెండు అని పెట్టాక దారికొచ్చింది.

ఆ రోజుల్లోనే ఒక రిటైర్డు మాస్టారు పద్యనాటకాల పట్టీ పట్టుకొచ్చారు. తెనాలిలో పద్యానికి ఉన్న మర్యాద తెలిసినదే. తిరుపతి వేంకటకవుల రాయబారం పద్యాలు రిక్షావాళ్ళ నోట కూడా రాగంతో సహా వినిపించిన ఊరు. పద్యానికి వేరే పేరుండదు, మొదటి మాటలే దాని పేరు. వాటిలో ఒకదాంట్లో ‘దుఃఖము’ వచ్చింది. విసర్గ ఎలా కొట్టాలి? రెండు చుక్కలే కదా అని కోలన్ కొట్టాను. వెంటనే తెర మీద పెట్టె లేచింది, ఈ గుర్తులు ఫైలు పేరులో ఉండకూడదంటూ. లెక్కపెడితే తొమ్మిది. రెండు వాలుగీతలు, కోలన్, నక్షత్రం, ప్రశ్నార్థకం, కొటేషన్ గుర్తు, రెండు కోణాలు, నిలువుగీత. కోలన్ డ్రైవు పేరు పక్కన రావాలి, వాలుగీత ఫోల్డర్లను విడదీయాలి, ప్రశ్నార్థకం వెతుకులాటలో ఏదో ఒక అక్షరానికి బదులు నిలబడాలి. వాటికి ముందే ఉద్యోగాలున్నాయి, పేర్లలోకి రాలేవు. విసర్గ తీసేసి కొట్టాను. మాస్టారు పట్టీ చూసి ఏమీ అనలేదు. పెన్సిలు తీసి, నేను ప్రింటు తీసిచ్చిన కాగితం మీద ఆ మాట పక్కన రెండు చుక్కలు పెట్టుకున్నారు. ఆ చుక్కలు నాకింకా కళ్ళముందే ఉన్నాయి.

ఫైలు లోపలి ట్యాగు ఇంకా ఇరుకు. ఎంపీ3 చివర 128 బైట్ల గది. అందులో పాట పేరుకు 30 గళ్ళు, పాడినవారికి 30, ఆల్బమ్‌కు 30. పొడుగు పద్యాల పేర్లు మధ్యలో తెగిపోయాయి. పాట ఏ రకందో చెప్పే గడిలో సున్నా ఉంటే ‘బ్లూస్’ అని అర్థం. మేము ఆ గడి ముట్టుకోలేదు. దాంతో మాస్టారి రాయబారం మొత్తం బ్లూస్ కిందికి చేరింది. ఆ పద్యాలు విన్న చెవులకు అది ఎంత అన్యాయమో!

తర్వాత ఎక్స్‌పీ వచ్చి, గౌతమి ఫాంటుతో తెలుగు తెర మీద నిలబడింది. కాలేజీ సెలవుల్లో వచ్చినప్పుడల్లా ట్యాగులు తెలుగులో మార్చుతూ పోయాను. కొట్టు మూసేశాక ఆ పాటలు ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకు, ఒక సాఫ్ట్‌వేరు నుంచి ఇంకో దానికి తిరిగి, రెండేళ్ళ కిందట నా చేతికొచ్చాయి.

తెరిచి చూస్తే సగం పేర్లు చెదిరిపోయి ఉన్నాయి. కొన్నింట్లో ప్రతి అక్షరం స్థానంలోనూ తలమీద వాలుగీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’, పక్కన డిగ్రీ గుర్తో ప్లస్ మైనస్ గుర్తో, ఆ పైన ఇంకేదో. వాటిని చూసి సంతోషించాను. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు. వాటిని ఇంగ్లీషు పద్ధతిలో విడివిడిగా చదివితే వచ్చే రూపమది. బైట్లు పోలేదు, చదవడమే తప్పింది. సరైన పద్ధతి చెప్పగానే పేర్లు లేచి కూర్చున్నాయి. మిగిలినవాటిలో మాత్రం వరసగా ప్రశ్నార్థకాలే. మధ్యలో ఏదో సాఫ్ట్‌వేరు తనకు తెలియని అక్షరాన్నల్లా ప్రశ్నార్థకంగా మార్చి భద్రం చేసింది. ‘ర’ అయినా ‘ఖ’ అయినా ఇప్పుడు అదే గుర్తు. దాన్ని వెనక్కి తిప్పే సాఫ్ట్‌వేరు లేదు.

లాంగ్ బుక్కు చాలావరకు ఆదుకుంది. అది చెదలు తిన్నచోట పంతొమ్మిది పద్యాలు మిగిలాయి. బాబాయికి ఫోన్ చేసి, హార్మోనియం శ్రుతి దగ్గర్నుంచి ఒక్కొక్కటే వినిపించాను. రాగం ఎత్తుకోగానే ఆయన పాడినవారి పేరు చెబుతున్నాడు, పద్యం మొదటి మాటలు చెబుతున్నాడు. ఏడోది మాస్టారి పద్యం. “దు... విసర్గ ఉందిరా, మరిచిపోకు” అన్నాడు. దకు కొమ్ము, తర్వాత విసర్గ, ఆపైన ఖ కొట్టాను. చూడటానికి అవే రెండు చుక్కలైనా తెలుగు విసర్గకు యూనికోడ్‌లో దాని అంకె దానికుంది, కోలన్‌తో పేచీ లేదు. ఎంటర్ నొక్కితే ఏ పెట్టే లేవలేదు.

“పడింది బాబాయ్” అన్నాను.

“సరే, ఎనిమిదోది పెట్టు.”