ఇరవయ్యో మెట్టు తరువాత

వైకుంఠపాళి ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. పాముల నోట పడుతూ, నిచ్చెనలెక్కుతూ, పటం పైఅంచున ఉన్న వైకుంఠం చేరినవాడు గెలిచినట్లు. అంతటితో గవ్వలు మూటకట్టి, పటం చుట్టి అటకమీద పెడతారు. వైకుంఠం చేరినవాడు మరునాడు ఏమి చేయాలని ఎవ్వరూ అడగరు. అక్కడ ఆట ముగిసిపోవడానికి ఒప్పుకోని ఆటగాళ్లు కొందరు కిరండూల్‌లోని మా క్వార్టరులో తయారయ్యారు. వారి మూలంగా మేమూ కొంత ఆలోచించవలసి వచ్చింది. ఆ ముచ్చట తోటి ఉద్యోగులతోను, వారి కుటుంబాలతోను పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు రూపొందించగా 1974లో వెలువడింది. దీనికి పటం తప్పనిసరి కాదు. బల్లచుట్టూ కూర్చున్నవారిలో ఒకరు సూత్రధారియై కథ నడుపుతారు. తక్కినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. హరికథ వినవచ్చినవారే లేచి పాత్రలై, దాసుగారిని తమకు నచ్చిన దారికి లాగినట్లుంటుంది. ఏదైనా సాహసానికి పూనుకున్నప్పుడు ఇరవై ముఖాల పాచిక వేసి, పడిన సంఖ్యకు పాత్ర నైపుణ్యాన్ని కలుపుతారు. మొత్తం చాలితే కార్యసిద్ధి, చాలకుంటే భంగపాటు. అనుభవం పెరిగినకొద్దీ పాత్ర ఒక్కొక్క మెట్టు ఎక్కుతుంది.

మా చిన్నవాడు సూత్రధారి. ఈ టౌన్‌షిప్‌లోనే పుట్టిపెరిగిన ఐదుగురు మిత్రులు ఆటగాళ్లు. వారిలో తెలుగు, ఒడియా, మలయాళీ, ఛత్తీస్‌గఢీ పిల్లలున్నారు. మాటలు హిందీలో, వేళాకోళాలు హల్బీలో సాగుతాయి. వారి ఊహాలోకంలో వానపడితే వాగులు ఎర్రబారుతాయి. చిత్రకోట్‌ను మించిన జలపాతం ఒకటి ఉంది. పాఠశాల రోజులలో మొదలైన కథ, వారు చదువులకై రాయ్‌పూర్, విశాఖపట్నం వెళ్లినా సెలవులలో కొనసాగి, ఆరేళ్లకు అందరినీ 20వ మెట్టుకు చేర్చింది. ఆ పైన మెట్టు లేదు.

20 దగ్గరే ఎందుకు ఆగాలి? ఆట నిర్మాతలకే ఈ విషయంలో నిలకడ లేదట. 1983 నుంచి ఫ్రాంక్ మెంట్జర్ కూర్చిన పెట్టెల వరుసలో 36 మెట్లుండేవి. 1986 నాటి చివరి పెట్టెలో ఆ 36 దాటినవారు అమరత్వం పొంది, అమరులలో మళ్లీ అడుగునుంచి ఎదగాలి. 2000లో వచ్చిన కూర్పు 20 వద్ద ఆగింది. 2002లో అంతకు మించిన మెట్లకై వేరొక గ్రంథం వెలువడింది. 2008లో హద్దు 30 అయి, 2014లో మళ్లీ 20కి దిగింది. ఆపైన మెట్టు పెరగకపోయినా, 3,55,000 అనుభవ అంకెలు దాటాక ప్రతి 30,000కు ఒక విశేష వరం ఇవ్వవచ్చునన్నారు.

హద్దుకు కారణం పాచికలోనే ఉంది. దాని ముఖాలు ఇరవయ్యే. 2000 నాటి నియమాల ప్రకారం 20వ మెట్టున యోధుడు పాచికకు 20 కలుపుకుంటే మాంత్రికుడు 10 మాత్రమే కలుపుకుంటాడు. ఈ తేడా ఇలాగే పెరుగుతూ పోతే, ఒకడు దాదాపు తప్పకుండా కొట్టే శత్రువును మరొకడు ఇరవై పడితే తప్ప తాకలేడు. అందుకే 2002 గ్రంథం 21 నుంచి అందరికీ ఒకే తీరు పెరుగుదల విధించింది. లెక్క కుదిరింది. మరి కథ?

మా పిల్లలు అదే పద్ధతిలో 21, 22, 23 మెట్లు సొంతంగా రాసుకున్నారు. ఒక మహాసర్పాన్ని చంపారు, తరువాత రెండింటిని. మూడో సర్పం వచ్చేసరికి ఆవులింతలు మొదలయ్యాయి. పాచిక దొర్లకముందే ఫలితం తెలిసిపోయేది. ఒకనాటి రాత్రి చిన్నవాడు మా దగ్గరకు వచ్చి, "నాన్నగారూ, ఇక ఆపేయమంటారా?" అన్నాడు. ఆరేళ్ల కథను అలా వదలడం వాడికి ఇష్టం లేదని గొంతే చెప్పింది.

మాకు వెంటనే తోచింది భారతం. యుద్ధం ముగిశాక, స్త్రీపర్వంలోని విలాపం తరువాత కూడా శాంతిపర్వం మొదలు ఏడు పర్వాలున్నాయి. తిక్కనగారు విరాటపర్వం నుంచి చివరివరకు పదిహేనూ తెనిగించారేగాని, గెలుపుతో కలం దించలేదు. గెలిచిన రాజ్యం ధర్మరాజుకు భారమయింది. మౌసలపర్వంలో, యాదవస్త్రీలను వెంటబెట్టుకుని వస్తున్న అర్జునుణ్ణి కర్రలు పట్టిన దోపిడీగాండ్రు ఎదుర్కొన్నారు. గాండీవం అదే, చేతులు అవే. అస్త్రాలు గుర్తుకు రాలేదు, బాణాలు నిండుకున్నాయి. "పెద్ద శత్రువును వెతకడం మాని, బలంతో తేలని చిక్కు వెతకరా" అన్నాము.

వాడు మెట్లు లెక్కించడం మానేశాడు. వీరులు మళ్లీ ఇరవై దగ్గరే నిలిచారు. వారు కాపాడిన రెండు గ్రామాలే ఇప్పుడు ఒకే వాగు నీటికై కలహించాయి. ఎవరిమీద కత్తి దూయాలి? ఆ తగవు తీరడానికి మూడు రాత్రులు పట్టింది. పెట్టెల కాలంలోనే 15వ మెట్టు దాటినవారికి రాజ్యపాలన అప్పగించడంలోని ఔచిత్యం మాకు అప్పుడు బోధపడింది. ఆ పైన ప్రతి వీరుడూ ఒకటో మెట్టు శిష్యుణ్ణి చేరదీశాడు.

ఒక గుహలో శిష్యురాలికి తోడేలు ఎదురయింది. గురువు ఒక్క వేటుతో దాన్ని పడగొట్టగలడు. అలా చేస్తే ఆమె ఏమీ నేర్వదు, చేయకుంటే ప్రాణాపాయం. ఆ పాత్రలు ధరించిన అమ్మాయి చాలాసేపు ఆలోచించి, "గురువు కదలడు" అని శిష్యురాలి పాచిక వేసింది. మూడు పడింది. గదిలో ఒక్కరూ మాట్లాడలేదు. శిష్యురాలు గాయపడింది గాని బ్రతికింది. వంటింట్లో ఉన్న మా శ్రీమతి సైతం గుమ్మందాకా వచ్చి, "ఇప్పుడేమయింది?" అని అడిగింది.

ఆ నిశ్శబ్దం మాకు కొత్తది కాదు. మేము ఈ కొండకు వచ్చేనాటికి ఇది అవిభక్త బస్తర్ జిల్లా; 1998లో దంతెవాడ జిల్లా అయింది. 1968లో పని ప్రారంభించిన 14వ నిక్షేపంతో ఎదిగిన తరంవారు మాకు పని నేర్పారు. మేము మొదటిసారి షావెల్ నడిపిన రోజున, కన్నుమూసుకుని నడపగల పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని ప్రక్కన నిలబడ్డారు. మా చేయి వణికింది, బకెట్టు రెండుసార్లు తడబడింది. ఆయన చేయి ముందుకు రాలేదు. ఆ నిగ్రహం వెనుక ఎంత శ్రమ ఉన్నదో, ఇప్పుడు కొత్తగా చేరిన కుర్రవాళ్ల ప్రక్కన నిలబడుతుంటే మాకు తెలుస్తున్నది.

ఈ ఏడాది చివర మాకు అరవై నిండుతాయి. గ్రేడులు ముగిశాయి, క్వార్టరు అప్పగించాలి. ఆ తరువాత ఏమిటన్న ప్రశ్న మమ్మల్ని కొన్నాళ్లుగా నిద్రపోనీయడం లేదు. పిల్లలు మాత్రం వచ్చే సెలవులకు విశాఖపట్నంలో మేము చేరబోయే ఇంటనే కూడాలని ఇప్పుడే నిశ్చయించుకున్నారు. మాకూ ఒక పాత్ర ఇమ్మని అడిగాము. వయస్సును గౌరవించి ఏ పదో మెట్టో ఇస్తారనుకున్నాము. ఒకటో మెట్టు నుంచే మొదలుపెట్టాలట.