చిల్లుకాణీకో గూడు

నౌపడలో ఇనుప సామానుకి ఆయుష్షు తక్కువ. ఉప్పుమళ్ల మీంచి వచ్చే గాలికి గేటు బందులైనా, సైకిలు చువ్వలైనా ఒకటే. అలాంటి ఊళ్లో మా నాన్న చిన్నప్పట్నుంచీ నాణేలు దాస్తున్నారు. మొత్తం డెబ్బై రెండు. కొన్ని తాతయ్య ఉప్పు కూలిలో మిగిల్చినవి. అన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో, పాత పంచె ముక్కలో మూటగా ఉండేవి.

నిరుడు వానల్లో మూట విప్పితే మూడు కాణీల మీద పచ్చటి పొడి. ‘చిలుమే కదా, చింతపండుతో తోమేద్దాం’ అంది అమ్మ. ఇత్తడి బిందెకైతే అదే మందు. నాణేన్ని తోమితే మాత్రం చిలుముతోపాటు పైపొర కూడా పోతుంది. ఉప్పులోని క్లోరైడు రాగిని పట్టుకున్నాక కాస్త తేమ తగిలితే చాలు, ఆమ్లం పుట్టి మళ్లీ ఆ రాగినే కొరుకుతుంది. కాబట్టి తేమని ఆపాలి. ఆ మూడింటినీ వేరే సీసాలో పెట్టి, మిగతావాటికి పెట్టె చేయిద్దామనుకున్నాం.

‘కొత్త టేకు, లోపల ఎర్ర వెల్వెట్టు, పైన గాజు. పెళ్లికూతుర్లాగుంటాది బాబూ’ అన్నాడు వడ్రంగి మేస్త్రి. వినడానికి బాగానే ఉంది. కానీ కొత్త చెక్క పుల్లటి ఆవిరి వదులుతుంది. మూసిన పెట్టెలో అది లోహానికి చేటు. ఐరోపాలో నాణేల బీరువాలకి ఓక్ చెక్కని దూరం పెట్టి మహాగనీ వాడటం అందుకే. మనకి మహాగనీ ఎక్కడిది? పెరట్లో దశాబ్దాలుగా ఎండిన పాత తలుపు రెక్క ఉంది, దాన్నే కోయించాం. రంగు వెల్వెట్టు వద్దని ఉతికిన తెల్ల నూలుగుడ్డ పరిచాం. ఉన్నిగుడ్డ అయితే దానిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. (మీ ఇంట్లో నాణేలు మెత్తటి పీవీసీ కవర్లలో ఉంటే ఒకసారి తీసి చూడండి. ఏళ్లు గడిస్తే అవీ జిగటగా మారి పచ్చబారుస్తాయి.)

అసలు పేచీ గాజు దగ్గర వచ్చింది. రెండేళ్లుగా నాన్నకి చూపు బాగా తగ్గింది. ఇప్పుడాయన నాణేలు చూసేది వేళ్లతోనే. అంచు అలలుగా ఉంటే అణా. నలుచదరంగా మూలలు నున్నగా ఉంటే బేడ, అదే చిన్నదైతే అర్ధణా. నడుమ చిల్లుంటే యుద్ధకాలంలో లోహం పొదుపు కోసం 1943లో మొదలుపెట్టిన కాణీ. చిటికెనవేలి గోరంత ఉంటే 1957 నాటి నయాపైసా. గాజు బిగిస్తే వచ్చినవాళ్లంతా చూస్తారు, ఆయన తప్ప.

నాణేన్ని ముట్టుకోకూడదనే శాస్త్రమూ అబద్ధం కాదు, చెమటలోనూ ఉప్పే కదా. అందుకని రెండు అరలు పెట్టించాను. కింద వెండి రూపాయిలు. పైన రోజూ తడిమే చిల్లర, పక్కన తుడవడానికి గుడ్డ. ఒక పలకకి ఆర్‌పార్ చిల్లులు వేసి, రెండో పలక మీద కూర్చోబెట్టి చెక్క చీలలతో బిగించాడు మేస్త్రి. జిగురు లేదు, మేకు లేదు. నయాపైసా 16 మిల్లీమీటర్లు, వెండి రూపాయి 30 దాటుతుంది. ప్రతి గుంతా నాణెం కంటే ఒక మిల్లీమీటరు వెడల్పు. అంచున అర్ధచంద్రంలా గాడి, వేలు దూరడానికి. బేడకైతే మూల నుంచి మూలకి కొలవాలి.

నేను సంవత్సరాల వరసలో పేర్చబోతే నాన్న ఒప్పుకోలేదు. ఆయనది చిల్లర లెక్క. నాలుగు కాణీలు అణా, రెండణాలు బేడ, నాలుగణాలు పావలా, పదహారణాలు రూపాయి. అలాగే పేర్చాం. సాయంత్రాలు మా చిన్నది ఏదో ఒకటి అరచేతిలో పెడుతుంది, ఆయన పేరు చెబుతారు.

అడుగున సిలికా జెల్ పొట్లం ఉంది, వానాకాలంలో నెలకోసారి మారుస్తున్నాం. అర్ధణా గుంత కాస్త వదులైందని నాన్న ఇప్పటికి రెండుసార్లు అన్నారు. మేస్త్రి పండక్కి వస్తానన్నాడు.