దెబ్బల పద్దు

ఉద్యోగం ఊడినవాడి ఇంటికో, పంట పోయినవాడి ఇంటికో పరామర్శకు వచ్చేవాళ్లు ఉత్త చేతులతో వచ్చినా ఓ మాట మాత్రం వెంట తెస్తారు. పెద్దవాళ్లైతే ‘అంతా మన మంచికేలే’ అంటారు. కుర్రవాళ్లైతే ఫోనులో చూసిన వీడియో గుర్తుచేసుకుని, ఓటమే గెలుపుకు తొలిమెట్టని చెబుతారు. ఇద్దరూ టీ తాగి వెళ్లిపోతారు. ఆ మంచి ఏ దారిన వస్తుందో, ఆ మెట్టు ఎక్కడుందో తెలియక ఇంటివాడు అరుగు మీద కూర్చుంటాడు. దెబ్బ తిన్నవాణ్ని రక్తం ఆరకముందే నవ్వమనడం నాకు మొదటినుంచీ నచ్చదు. మా ఖమ్మం, భద్రాచలం వైపు దెబ్బను ఇంకో తీరుగా ఎదుర్కొన్నవాళ్లున్నారు. వాళ్లు తమకు తగిలిన దెబ్బకు లెక్క రాసుకున్నారు.

మొదటివాడు నేలకొండపల్లి కంచర్ల గోపన్న. భక్త రామదాసు అనగానే మనకు తంబురా, సంకెళ్లు, సినిమావాళ్లు వేసిన చెరసాల సెట్టింగు కళ్ల ముందుకొస్తాయి. కాసేపు తంబురా పక్కనపెట్టి ఆయన్ను ఉద్యోగిగా చూద్దాం. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో మేనమామలు అక్కన్న, మాదన్నలది పెద్ద పలుకుబడి. మేనల్లుడు పాల్వంచ పరగణాకు తహశీల్దారు. శిస్తు వసూలు చేసి ఖజానాకు పంపడం ఆయన పని. ఆ సొమ్ముతో భద్రగిరి మీద గుడి లేచింది. భక్తుడి కంటికి అది రామకార్యం, ఖజానా కంటికి నిధుల మళ్లింపు. ఏ కాలపు ఆడిట్‌వాళ్లూ ఒప్పుకునే పద్దు కాదది. కొలువు పోయింది, పరువు పోయింది. గోల్కొండ కోటలో పన్నెండేళ్లు ఖైదులో ఉన్నాడంటారు. మేనమామల పలుకుబడి కూడా అడ్డుపడలేకపోయింది.

ఆ ఖైదులో ఆయన ఏం చేశాడన్నదే నాకు ఇష్టమైన సంగతి. చెరసాల తనకు మేలే చేసిందని ఎక్కడా అనలేదు. ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తన తీరు చూడండి. ఎవరికి ఏ నగ చేయించాడో, దేనికెంత అయిందో వరసగా అప్పజెబుతాడు. సీతమ్మ పతకం ఒక్కదానికే పదివేల వరహాలు. చెప్పీ చెప్పీ ఒళ్లు మండి, ఎవరి సొమ్ముతో ఈ దర్జా అని దేవుణ్నే నిలదీస్తాడు. అంతలోనే తగ్గి, దెబ్బలకు తాళలేక తిట్టాను, మనసులో పెట్టుకోకని బతిమాలతాడు. ఖజానాకు చూపలేకపోయిన లెక్కంతా ఆ పాటలో రాముడికి చూపించాడు. జనం చెప్పుకునే కథలోనూ లెక్క తప్పలేదు. రామలక్ష్మణులు మారువేషంలో వచ్చి బాకీ కట్టి ఊరికే వెళ్లిపోలేదట, తానీషా చేత రసీదు రాయించుకున్నారట! దేవుడు కట్టినా కాగితం ఉండాల్సిందేనన్న ఇంగితం మనవాళ్లది. బంట్రోతులకు జడిసిన ఆ తహశీల్దారును నూరేళ్ల తరువాత త్యాగయ్య తలచుకున్నాడు. గోపన్నను ఖైదు చేసిన సర్కారు పేరు మీద మొదలైందని చెప్పే ముత్యాల తలంబ్రాల ఆనవాయితీని ఈనాటి సర్కారు శ్రీరామనవమికి పాటిస్తూనే ఉంది.

గుడి మెట్లు దిగి గోదావరి ఒడ్డుకొస్తే లెక్క వరహాల్లోంచి అడుగుల్లోకి మారుతుంది. జులై, ఆగస్టు నెలల్లో భద్రాచలంలో ఇద్దరు కలుసుకుంటే బాగున్నావా అనడానికి ముందు ‘గోదారి ఎంతుంది?’ అంటారు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. చదువు రాని ముసలమ్మకు కూడా ఈ మూడు అంకెలూ నోటికొచ్చు. ఏ అంకెకు బియ్యం మూట అటక మీదికి ఎక్కాలో, ఏ అంకెకు మేకను విప్పుకొని మెరకకు నడవాలో ఆమెకు తెలుసు. 1986 ఆగస్టులో నీళ్లు 75.6 అడుగులకు వచ్చాయి. ఆ తరం వాళ్లు పెళ్లిళ్లకూ పురుళ్లకూ ‘ఎనభై ఆరు వరద’నే గుర్తుగా చెప్పుకుంటారు. ఆ వరద తరువాతే పట్టణానికి కరకట్ట వచ్చింది. 2022 జులైలో గోదావరి మళ్లీ 71.3 అడుగులు ఎక్కింది. పల్లపు కాలనీలు మునిగాయి, జనం పునరావాస కేంద్రాల్లో రోజులు వెళ్లదీశారు, కరకట్ట మాత్రం ఊరిని చాలావరకు కాచింది. ‘అమ్మో, ఎంత వరద!’ అని గుండెలు బాదుకుని ఊరుకుంటే కట్ట ఎంత ఎత్తు కట్టాలో ఏ ఇంజనీరుకూ తెలిసేది కాదు.

అడవిలోకి వెళితే ఈ లెక్క మరీ విచిత్రంగా ఉంటుంది. చర్ల, దుమ్ముగూడెం, గుండాల వైపు పోడు చేసుకునే కోయ రైతుకు అటవీశాఖ కేసంటే ఇంటిల్లిపాదికీ శిక్షే. వాయిదాలకు తిరగాలి, జరిమానా కట్టాలి, అచ్చులో తన పేరు పక్కన నేరం అని చూసుకోవాలి. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికే ఆ నేల తన సాగులో ఉందని గిరిజన రైతు చూపించుకోవాలంది. సాక్ష్యంగా ఊరి పెద్దల వాంగ్మూలంతో పాటు కోర్టు ఉత్తర్వులూ చెల్లుతాయని నిబంధనలు చెప్పాయి. దాంతో ఎప్పుడో పడిన కేసు కాగితానికి కొత్త విలువ వచ్చింది. ఫలానా ఏడాది ఫలానావాడు అడవి నరికి దున్నాడని సర్కారే రాసిచ్చాక, ఆ ఏడాది అక్కడ దున్నింది తనేనని వేరే చెప్పక్కర్లేదు కదా! సిగ్గుపడి ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టినవాడు నష్టపోయాడు. రేకుపెట్టెలో దాచినవాడి చేతికి ఓ ఆధారం దొరికింది. అది ఉన్నంత మాత్రాన పట్టా వస్తుందన్న భరోసా లేదు, తిరస్కరించిన దరఖాస్తులు బోలెడు. అయినా వాటి మీద అప్పీలుకు వెళ్లేవాడు వట్టి చేతులతో వెళ్లడు.

ఇదంతా విని దెబ్బ తగిలిన ప్రతివాడూ గట్టిపడతాడని నేనంటే అది అబద్ధం. 2021-22లో ఖమ్మం మిర్చి తోటల మీద నల్ల తామర పురుగు పడింది. తేజ మిర్చికి పేరుపడ్డ నేల ఇది. పురుగు పూతలోనే దూరింది, పూత రాలింది, కాత లేదు. ఎంతోమంది నిలువునా ఉన్న తోటల్ని దున్నేశారు. ఆ తోటల్లో కౌలువి తక్కువేం కాదు. కౌలు నోటిమాట మీద నడుస్తుంది, పాసుపుస్తకం భూమి యజమాని పేరున ఉంటుంది. 2018లో మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే చేరింది. విత్తనం కొన్నది, మందు కొట్టింది, అప్పు తెచ్చింది కౌలుదారు. కాగితాల్లో అతనికి పొలమే లేదు, పొలం లేనివాడికి పంట నష్టమెక్కడిది? ఈ మనిషికి ‘దెబ్బలు తింటేనే రాటుదేలతావు’ అని చెప్పడానికి నాకు నోరు రాదు. తరువాతి ఏడాది అతను మళ్లీ మిరప వేస్తే అది ధైర్యమేనని ఖాయంగా చెప్పలేం. పాత అప్పు తీరాలంటే వేరే దారి లేకపోవడం కూడా కావచ్చు.

గోపన్నకు వినే రాముడున్నాడు, భద్రాచలానికి వంతెన దగ్గర నీటిమట్టం కొలిచేవాళ్లున్నారు, పోడు రైతుకు కనీసం తన మీద పెట్టిన కేసుంది. కౌలు రైతుకు అదీ లేదు. ఓర్పులో వాళ్లెవరికీ అతను తీసిపోడు. కాబట్టి అతనికి గుండెనిబ్బరం గురించి పాఠాలు చెప్పేకన్నా, పంట నమోదు పుస్తకంలో అతని పేరు ఎక్కించడం మేలు. పోయింది ఎంతో, ఎవరిదో ముందు ఒకరు రాసి కింద సంతకం పెడితే, నిలదొక్కుకోవడం సంగతి అతనే చూసుకుంటాడు.