నలభై తొమ్మిది పండ్లు

బోధకులకు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఏ విషయం మీద ఎక్కువసార్లు ప్రసంగిస్తామో, ఆ విషయంలో మనకు లోపమే లేదని మనసు క్రమంగా నమ్మసాగుతుంది. ఇస్రాఫ్, అనగా దుబారా, గురించి మేము ఎన్ని జుమా ప్రసంగాలు చేశామో లెక్కలేదు. పళ్లెంలో ఒక్క మెతుకు వదిలిన విద్యార్థిని కూడా మందలించకుండా విడిచిపెట్టలేదు. అటువంటి మా చేతుల మీదుగానే నలభై తొమ్మిది పండ్లు మట్టిపాలయ్యాయి. ఆ సంగతిని దాచకుండా ఇక్కడ వ్రాస్తున్నాము.

2024 జూలైలో, ముహర్రం నెల రెండవ తేదీన, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా పూర్వ విద్యార్థి ఒకరు మదరసా పిల్లల కోసం ఒక పెట్టె పంపారు. అందులో అరవై వెన్నపండ్లు ఉన్నాయి. బెంగళూరులో బటర్ ఫ్రూట్ అంటారు, అంగళ్లలో అవకాడో అని వ్రాస్తారు. దీని పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. మనకు దగ్గరలో కొడగు, వయనాడు కొండల్లో పండుతుంది. పాపాఘ్ని ఒడ్డున ఉన్న మా కమలాపురంలో వేరుశనగ తెలుసు, పులివెందుల అరటి తెలుసు, చీనీకాయలు తెలుసు. ఈ పండును మా పిల్లల్లో ఒక్కరు కూడా అంతకుముందు చూచి ఉండలేదు.

పండ్లు రాయిలా గట్టిగా ఉన్నాయి. తొమ్మిది, పది తేదీలలో పిల్లలు ఆషూరా ఉపవాసాలు పాటిస్తారు కదా, పదవ తేదీ ఇఫ్తార్‌కు అందరికీ ఒకేసారి పంచితే పుణ్యం ఎక్కువని తలచాము. పెట్టెను సామాన్ల గదిలో అరటి గెల పక్కన పెట్టించి, ఆషూరా వరకు ఎవరూ తెరవరాదని ఆజ్ఞాపించాము. సంకల్పం మంచిదే. అయితే సంకల్పం మంచిదైనంత మాత్రాన పండు ఆగదు.

ఈ పండు చెట్టు మీద ఉన్నంతకాలం మెత్తబడదు, కోసిన తరువాతనే పండుతుంది. పండుతున్న అరటి నుండి వెలువడే ఒక విధమైన వాయువు పక్కనున్న కాయలను కూడా త్వరగా పండిస్తుంది. పైగా మా సీమ వేడి. ఇవేవీ మాకు తెలియవు. తెలిసినవారిని అడుగుదామన్న ఆలోచన కూడా మాకు కలగలేదు. పదవ తేదీ అస్ర్ నమాజు తరువాత పెట్టె తెరిస్తే పులిసిన వాసన వచ్చింది. తినదగినవి పదకొండు మాత్రమే మిగిలాయి. మిగిలిన నలభై తొమ్మిదింటిని ఇద్దరు పిల్లలు మదరసా వెనుక గుంత తీసి పూడ్చారు.

మరునాడు మా శిష్యుడు ఫోను చేశారు. “హజ్రత్, పండ్లు పిల్లలకు నచ్చాయా?” అని అడిగారు. “అల్‌హందులిల్లాహ్, పెట్టె భద్రంగా అందింది. అల్లాహ్ మీకు ఉత్తమ ప్రతిఫలం ప్రసాదించుగాక” అన్నాము. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కాని విన్నవారికి కలిగిన అర్థమంతా అబద్ధమే. నిజమైన మాటతోనే ఎదుటివారిని పొరబాటు పడేటట్లు చేయడాన్ని మా గ్రంథాలలో తౌరియా అంటారు. అవసరం లేనిచోట అది ఎంత అసహ్యమైనదో మేమే పాఠంగా చెబుతాము.

ఫోను పెట్టేసి తల ఎత్తేసరికి గుమ్మం వద్ద ఒక బాలుడు నిలబడి ఉన్నాడు. పదేళ్లవాడు, గుంత తీసిన ఇద్దరిలో ఒకడు. “ఉస్తాద్‌జీ, మనం వాటిని పూడ్చేశాం కదా?” అన్నాడు. వాని గొంతులో ఆక్షేపణ లేదు. నిజంగా అర్థం కాకనే అడిగాడు. ముప్పై సంవత్సరాల బోధనలో అంత బరువైన ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ క్షణంలో మేము సమాధానం చెప్పలేకపోయాము.

పండ్ల నష్టం చిన్నది. అవి పిల్లల కోసం మాకు అప్పగించిన అమానతు. దానిని పాడుచేయడం ఒక తప్పు, కప్పిపుచ్చడం రెండవ తప్పు, ఒక పసివాని ఎదుట కప్పిపుచ్చడం మూడవ తప్పు. ఆ రాత్రి ఇషా నమాజు తరువాత ఆ బాలుని పక్కన కూర్చోబెట్టుకొని ఫోను చేసి, జరిగినదంతా చెప్పి క్షమాపణ కోరాము. మా శిష్యుడు కొంతసేపు మౌనంగా ఉండి, “తప్పు నాది హజ్రత్. పండ్లు పంపాను గాని, వాటిని నిలువ ఉంచే విధానం చెప్పలేదు” అన్నారు. తరువాత వారి ఇల్లాలు మా ఇంటివారితో మాట్లాడి ఆ విధానమంతా వివరించారు.

మరుసటి సంవత్సరం, 2025 జూన్‌లో, ముహర్రం నెలవంకకు ఒక రోజు ముందు మళ్లీ అరవై పండ్లు వచ్చాయి. ఈసారి పెట్టె బాధ్యతను ఆ బాలునికే అప్పగించాము. పండ్లను నల్లబండల నేల మీద విడివిడిగా పరచి, అరటికి దూరంగా ఉంచాము. రోజూ ఫజ్ర్ తరువాత వాడు ఒక్కొక్క పండును తొడిమ దగ్గర మెల్లగా నొక్కి చూచేవాడు. కొంచెం లొంగిన పండ్లను మాత్రమే వంటింటికి తెచ్చేవాడు.

మా ఇంటివారు వాటిని కడిగి, రెండుగా కోసి, గింజ తీసి, గుజ్జును మెదిపేవారు. కోసిన గుజ్జు గాలి తగిలితే నల్లబడుతుంది, నిమ్మరసం ఆ మార్పును నెమ్మదింపజేస్తుంది. అందుచేత నాలుగు పండ్ల గుజ్జుకు రెండు పెద్ద చెంచాల నిమ్మరసం కలిపి, జిప్ ఉన్న సంచిలో నింపి, పలుచగా అదిమి, గాలి పూర్తిగా పోయేటట్లు మూసి, పైన తేదీ వ్రాసేవారు. పలుచగా ఉంటే త్వరగా గడ్డకడుతుంది, చోటు కూడా కలిసివస్తుంది. ఇలా నాలుగైదు నెలలు నిలువ ఉంటుంది. కరిగిన తరువాత ముక్కలుగా తినడానికి బాగుండదు, పాలతో కలిపి త్రాగడానికి చక్కగా ఉంటుంది. ఒకసారి కరిగించినదాన్ని తిరిగి గడ్డకట్టించరాదు. కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ తలుపు తెరవకపోవడమే మేలు.

అయితే ఒక చిక్కు వచ్చింది. బక్రీదు గడచి మూడు వారాలైనా కాలేదు. మా ఇంటి ఫ్రీజర్ నిండా ఖుర్బానీ మాంసమే ఉంది. పిల్లల పండ్లకు చోటు లేదు.

ఒక కరువు సంవత్సరంలో మదీనాకు పేదలు వచ్చి చేరినప్పుడు, ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి దాచవద్దని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆదేశించారు. ఆ ఇబ్బంది తొలగిన తరువాత తినడానికి, దాచుకోవడానికి, దానం చేయడానికి అనుమతించారు. ఈ హదీసును మేము ఎన్నోసార్లు బోధించాము. ఫ్రీజర్ తలుపు తెరచి నిలబడినప్పుడు మాత్రమే అది మాతో మాట్లాడింది. దాచడం తప్పు కాదు, ఎవరి కోసం దాచామన్నదే ప్రశ్న. ఆనాటి మధ్యాహ్నమే ఆ మాంసమంతా తీసి మదరసా వంటశాలకు పంపించాము. ఖాళీ అయిన చోట పండ్ల గుజ్జు చేరింది.

నాలుగు పండ్లను గోడ పక్క ఇంటివారికి పంపగా, యాభై ఆరు పండ్లకు పద్నాలుగు సంచులయ్యాయి. జూలై 5, 6 తేదీలలో పిల్లలు ఉపవాసమున్నారు. రెండు సాయంత్రాలూ ఏడేసి సంచులు కరిగించి, తొమ్మిది లీటర్ల పాలు, ఖర్జూరాలు కలిపి నలభై అయిదుగురికి తలా ఒక గ్లాసు ఇచ్చాము. కొందరికి రుచించింది, కొందరు ముఖం చిట్లించారు, కాని ఎవరూ వదలలేదు.

పదవ తేదీ రాత్రి ఆ బాలుడు ఖాళీ సంచులు కడిగి, లెక్కపెట్టి మా ముందుంచాడు. “పద్నాలుగూ అయిపోయాయి ఉస్తాద్‌జీ. ఫోను చేసి చెప్పండి” అన్నాడు.

ఫోను వాని చేతికే ఇచ్చాము.