అరకులో ఉప్పునీటి తొట్టి

నవంబరు 9
తొట్టిలో నీళ్లు తేటపడ్డాయి. రుషికొండ ఒడ్డున ఏరి తెచ్చిన నాచు రాళ్లు, సన్యాసి పీతలు, నత్తలు కుదురుకున్నట్టే ఉన్నాయి. పగడాల జోలికి పోలేదు. వాటికి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్ష ఉంది.

సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున సముద్రాన్ని నిలబెట్టడం తేలిక కాదు. ఇక్కడ గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు తక్కువ, ఆ మేరకు నీళ్లలో కరిగే ఆక్సిజనూ తక్కువే. అందుకే గాలి పంపు రాత్రీ పగలూ ఆడుతోంది. చలికి హీటరు పెట్టాం. నీరు ఆవిరైనా ఉప్పు మిగిలే ఉంటుంది కాబట్టి, తగ్గిన మేరకు మంచినీళ్లే పోస్తున్నాం.

నవంబరు 11, రాత్రి
స్టడీ అవర్ అయ్యాక హాస్టల్ పిల్లలు ల్యాబుకి వచ్చారు. దీపాలార్పి, టార్చికి ఎర్ర గ్లాసు కాగితం చుట్టాం. సముద్రపు వెన్నెముక లేని జీవుల్లో చాలావాటికి ఎర్ర వెలుగు అంతగా ఆనదు, బెదరకుండా బయటికొస్తాయి.

"సార్, జెర్రి!" అన్నాడు ముందువరసలో ఉన్న కుర్రాడు.

రాతి కింది నుంచి గులాబీ రంగు జీవి ఒకటి సాగి, ఎండురొయ్య ముక్కను పట్టుకుంది. ఒంటినిండా ఖండాలు, ప్రతి ఖండానికీ రెండువైపులా తెల్లని శూకాల కుచ్చులు. "కీళ్లున్న కాళ్లేవి?" అని అడిగాను. వాడు అద్దానికి ముక్కు ఆనించి వెతికాడు. లేవు. అవి పార్శ్వపాదాలు, ఇది పాలికీటా, వానపాముకి చుట్టం. చేత్తో పట్టుకోవద్దని అందరికీ చెప్పాను. వీటిలో ఫైర్‌వర్మ్ కుటుంబం వాటి శూకాలు సున్నపువి, పెళుసువి. చర్మంలో దిగి విరిగిపోతాయి. గుచ్చుకుంటే టేపు అంటించి లాగేయాలి.

నవంబరు 13, రాత్రి
ఇవాళ నాలుగు ప్రశ్నలతో కూర్చున్నాం. ఖండాలున్నాయా? శూకాలున్నాయా? ఎలా కదులుతోంది? ఎక్కడ ఉంటోంది?

ఇసుకలో కొరడాలా అటూ ఇటూ కొట్టుకునే సన్నని తెల్లపోగు నెమటోడు. అద్దం మీద ఒళ్లు కదపకుండానే జారిపోయే చదునుది ప్లాటిహెల్మింథిస్. దాని అడుగున ఉన్న శైలికలే దాన్ని నడుపుతాయి. ఎనిమిదో తరగతి పిల్ల వెంటనే, "వానకి మా కాఫీ తోటలో వెడల్పు తలతో ఒకటి ఇలాగే జారుద్ది సార్" అంది. ఆ వర్గంలో నేలమీద బతికేవీ ఉన్నాయి; ఎంత చక్కగా గమనించింది! రాతి మీద గవ్వంత గట్టిగా అతుక్కున్న తెల్లని బుల్లి చుట్టలు కూడా పాలికీటాల ఇళ్లే. రాతి పగుల్లోంచి ఊగే ఎర్రదారాలు మరో పాలికీటా మొప్పలు. అన్నిటినీ "పురుగులు" అనే అంటాం, కానీ ఈ చిన్న తొట్టిలోనే మూడు వర్గాలు తేలాయి.

నవంబరు 16
పాఠంలో పి.ఎన్. గణపతి గారి గురించి చెప్పాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన, జి. చంద్రశేఖరరావు కలిసి వాల్తేరు తీరాన ఇసుక రేణువుల నడుమ బతికే జీవుల మీద 1962లో పరిశోధన పత్రం వెలువరించారు. అందరూ తొక్కుకుంటూ నడిచే ఇసుకలో అంత లోకం ఉందని చూపించిన వాళ్లు మన దగ్గరివాళ్లేనని పిల్లలకు తెలియాలి. ఆ తీరం ఇక్కడికి 115 కిలోమీటర్లే అయినా, ఈ తరగతిలో సముద్రాన్ని పుస్తకంలో మాత్రమే చూసినవాళ్లున్నారు.

నవంబరు 19
ఊళ్లో అక్వేరియాలు పెంచే మిత్రుడు ఫోన్ చేసి, "మందు వేసి పురుగులన్నీ చంపేయండి మాస్టారూ" అన్నాడు. ఒప్పుకోలేదు. ఒక్కసారిగా అన్నీ చస్తే కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది, ఉన్న ఆక్సిజన్ కాస్తా ఖర్చవుతుంది. గులాబీ పాలికీటాలు తినేది పీతలు వదిలేసిన ఎంగిలినే. అవి పెరుగుతున్నాయంటే మేత ఎక్కువైందన్నమాట. రేపటి నుంచి ఎండురొయ్యలు సగానికి తగ్గిస్తాం. ఖండాల్లేకుండా రిబ్బనులా సాగి, తొండం విసిరి వేటాడే నెమర్టీన్ కనిపిస్తే మాత్రం దాన్ని వేరే సీసాలోకి మార్చాలి.

మా నాలుగు ప్రశ్నలు చార్టు మీద రాయించి తొట్టి పక్కన అంటిస్తాను. ఐదోదీ చేర్చాలి: ఇది ఏం తింటోంది? ఉంచాలా, తీసేయాలా అన్నది పిల్లలు దాని జవాబు చూసే తేల్చాలి.