ఆవకాయకి ఎన్ని 'ఏ'లు?

మా బేస్‌మెంట్‌లో ఒక పాత కంప్యూటర్ ఉంది. దానికి మేము పెట్టుకున్న గొప్ప పేరు 'సర్వర్'. మానిటరూ లేదు, కీబోర్డూ లేదు. రెండేళ్ళ క్రితం పోయిన మా అమ్మ ఫోనులో పిల్లలకు చెప్పిన కథలన్నీ అందులోనే దాచుకున్నాం. ఈసారి బడి వార్షికోత్సవంలో మా క్లాసు నాటకానికి ముందు ఆవిడ గొంతు వినిపిద్దామనుకున్నాం.

ముందురోజు రాత్రి లాప్‌టాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్ళబోతే పాస్‌ఫ్రేజ్ అడిగింది. నెలల తరబడి అడగనిది ఇప్పుడెందుకు? 'ఏజెంట్' అనే చిన్న ప్రోగ్రాం మన తాళంచెవిని ఒకసారి తెరిచి గుర్తుపెట్టుకుంటుంది. ఆ రోజు లాప్‌టాప్ రీస్టార్ట్ అయింది, ఏజెంట్ మరిచిపోయింది. మేమూ మరిచిపోయాం!

పూర్తిగా కాదు లెండి. 'ముద్దపప్పు ఆవకాయ వేడన్నం' అని గుర్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా కొట్టామన్నదే చిక్కు. ముద్దలో 'డీ'లు ఎన్ని? పక్కన 'హెచ్' ఉందా? ఇరవై రకాలుగా ప్రయత్నించాం. పాస్‌ఫ్రేజ్ అడిగేది సర్వర్ కాదు, మన లాప్‌టాప్‌లోని తాళంచెవి ఫైలు. మరిచిపోతే ఈమెయిల్లో పంపే దిక్కెవరూ ఉండరు.

ఐదో తరగతి చదివే మా అమ్మాయి అంది: "నాన్నా, నువ్వు నాన్నమ్మకి పెట్టిన మెసేజ్‌లు చూడరాదూ?"

చూశాం. ముద్దకి రెండు 'డీ'లు, ఆవకాయకి మొదట రెండు 'ఏ'లు. తాళంచెవి తెరుచుకుంది!

అయినా సర్వర్ 'పర్మిషన్ డినైడ్' అంది. చివరికి హాల్లో టీవీని కిందికి మోసుకెళ్ళి తగిలించి, సర్వర్ లాగ్ చూశాం. తప్పు మాదే. ఇంట్లో అందరూ ఫోటోలు వేసుకోవడానికని మొన్నామధ్య అందులో మా హోం ఫోల్డర్‌కి అందరికీ రాసే హక్కు ఇచ్చాం. ఏ తాళంచెవులు చెల్లుతాయో చెప్పే జాబితా ఉండేది ఆ ఫోల్డర్ లోపలే. ఇతరులు మార్చగలిగే జాబితాను సర్వర్ నమ్మదు. ఆ హక్కు తీసేసి, డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, జాబితా ఫైలుకి 600 అనుమతులు పెట్టాక లోనికి రానిచ్చింది. "ఆ టీవీ ఏదో ముందే మోసి, కథలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుంటే పోయేదిగా!" అంది మా ఆవిడ. ఇంజనీర్లం కదండీ!

మర్నాడు అమ్మ గొంతు హాలంతా వినిపించింది.

ఇంటికొస్తూ కారులో అమ్మాయి అడిగింది: "తెలుగులో రాస్తే స్పెల్లింగ్ ఒక్కటే కదా నాన్నా, మరి నాన్నమ్మకి ఇంగ్లీషులో ఎందుకు రాశావు?" జవాబు చెప్పలేకపోయాం. ప్రతి ఆదివారం మీ పిల్లలకి గుణింతాలు దిద్దించే మేము, అమ్మకి ఒక్క మెసేజ్ కూడా తెలుగు అక్షరాల్లో పెట్టలేదు. ఆవిడ మాత్రం ప్రతి జవాబూ తెలుగులోనే రాసింది.

మీ అమ్మానాన్నలకు ఈ రాత్రే తెలుగులో ఒక్క ముక్క రాయండి. అన్నట్టు, మా పాస్‌ఫ్రేజ్ మార్చేశాం, ప్రయత్నించకండి!