వడ్డీ లెక్క రాయడానికి ఏ భాష?

ఒక సహకార పరపతి సంఘం తన సాఫ్ట్‌వేర్ తిరగరాయమని నన్ను పిలిచినప్పుడు, ఏ భాషలో రాయాలో ముందే నిర్ణయించుకుని వెళ్లాను. జావాస్క్రిప్ట్. సర్వర్‌లో నోడ్, డేటాకు మాంగోడీబీ, తెర మీద యాంగ్యులర్‌జేఎస్. నేను నేర్చుకోవాలని తహతహలాడుతున్నవి అవే. సంఘంలో పంట రుణాలు, డిపాజిట్లు, డే బుక్కు అన్నీ డాస్ మీద నడిచే ఫాక్స్‌ప్రో 2.6లో ఉండేవి. మార్చక తప్పని పరిస్థితే. కొత్తగా కొన్న 64 బిట్ విండోస్ కంప్యూటర్ల మీద అది నడవదు. దాని తర్వాత వచ్చిన విజువల్ ఫాక్స్‌ప్రోకు కూడా 2015 జనవరితో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. మార్చాలనడానికి కారణం సంఘానిది. జావాస్క్రిప్ట్‌లోకే మార్చాలనడానికి కారణం మాత్రం పూర్తిగా నాది.

మొదటి నెలాఖరున అకౌంటెంటు గారు రెండు వడ్డీ జాబితాలు పక్కపక్కన పరిచి, “బాబూ, పాతదానికీ కొత్తదానికీ మొత్తంలో పైసలు తేడా వస్తున్నాయి. ఏది ఒప్పు?” అని అడిగారు. పైసలే కదండీ అన్నాను. “పైసా తేడా ఉన్నా పుస్తకం మూయలేను. ఆడిటరుకి ఏం చెప్పమంటావు?” అన్నారాయన.

జావాస్క్రిప్ట్‌లో మామూలు అంకె బైనరీ ఫ్లోటింగ్ పాయింట్. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. పదో వంతు బైనరీలో కచ్చితంగా ఇమడదు, మన పైసలేమో పదుల లెక్క. ఫాక్స్‌ప్రో కూడా లోపల లెక్క కట్టేది ఫ్లోట్‌లోనే. కానీ రెండు దశాంశాల న్యూమరిక్ ఫీల్డులో రాసేటప్పుడు రెండు స్థానాలకు సరిచేసి, అంకెలను అక్షరాల్లాగా డీబీఎఫ్ ఫైల్లో వేస్తుంది. అంటే ఒక్కో ఖాతా వడ్డీ ముందే పైసలకు సర్దుకుని, ఆ సర్దుకున్న అంకెలే మొత్తంలోకి వచ్చేవి. నా ప్రోగ్రాం దశాంశాల తోకలన్నీ మోసుకుపోయి చివర్లో ఒక్కసారి సర్దేది. రైతు చేతికిచ్చే రసీదు ఒక్కో ఖాతాకు విడిగా ఉంటుంది కాబట్టి పాత పద్ధతే సరైనది.

ఇంతకన్నా పెద్ద నష్టం మూసేసిన ఖాతాలతో జరిగింది. ఫాక్స్‌ప్రోలో రికార్డు డిలీట్ చేస్తే అది ఫైల్లోంచి పోదు. దాని మొదటి బైటులో ఒక నక్షత్రం గుర్తు (*) పడుతుంది, అంతే. ప్యాక్ అనే కమాండ్ ఇచ్చేదాకా అక్కడే ఉంటుంది. ప్రోగ్రాం మొదట్లో ‘సెట్ డిలీటెడ్ ఆన్’ అని ఒక్క లైను ఉంటే అవేవీ కంటికి కనబడవు. డేటా బయటికి తీయడానికి నేను వాడిన లైబ్రరీ ఆ గుర్తును పట్టించుకోలేదు, నేనూ చూసుకోలేదు. దాంతో డిలీట్ చేసిన పాత ఖాతాలు కూడా కొత్త డేటాలోకి వచ్చేశాయి. ఎప్పుడో అప్పు తీర్చేసిన ఒక పెద్దాయనకు బకాయి నోటీసు వెళ్లింది. ఆయన పాత రసీదులన్నీ సంచిలో వేసుకుని వచ్చి కౌంటరు దగ్గర నిలబడ్డారు. అప్పు ఎగ్గొట్టినవాడిగా ఊళ్లో పేరు పడుతుందేమోనని ఆయన పడిన ఆందోళన నేను ఎదురుగా చూశాను. ఇందులో జావాస్క్రిప్ట్ తప్పేం లేదు. కొత్త భాష ధ్యాసలో పడి, పాత భాషను చదవాల్సినంత చదవలేదు.

ఇవి దిద్దుకోగలిగినవి. నన్ను ఎక్కువగా బాధపెట్టింది వేరే ఉంది. ఆ ఊళ్లో ఒకాయన ఏళ్లుగా ఆ ఫాక్స్‌ప్రో ప్రోగ్రాం చూసుకునేవారు. వడ్డీ రేటు మారితే ప్రోగ్రాం రాసి ఉన్న పీఆర్‌జీ ఫైలు తెరిచి ఆ సాయంత్రమే మార్చేసేవారు. నా కోడ్ తెరిస్తే ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పైగా 2016 సెప్టెంబరులో వచ్చిన యాంగ్యులర్ 2, నేను వాడిన యాంగ్యులర్‌జేఎస్‌తో పొసగదు. కొత్తదానికి మారాలంటే తెరలన్నీ మళ్లీ రాయాలి. అంత డబ్బు సంఘం ఎక్కడినుంచి తెస్తుంది? తన లెక్కను తానే దిద్దుకునే సంస్థను చీటికీమాటికీ నాకు ఫోను చేసే స్థితికి తెచ్చాను.

ప్రోగ్రాం నడిస్తే చాలదు, దాన్ని చదవగల మనిషి దగ్గర్లో ఉండాలి. కోబాల్‌ను చూసి అప్పటికే నేర్చుకోవాల్సిన విషయమిది. తొంభైల చివర్లో హైదరాబాదు అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని, 2000 సంవత్సరం తేదీల చిక్కు దిద్దే వైటూకే పనులకు అమెరికా వెళ్లిన మనవాళ్లు ఎందరో. 1959లో రూపకల్పన మొదలైన ఆ భాషలో అంకెకు దశాంశ స్థానాలెన్నో ప్రకటనలోనే రాస్తారు. డబ్బు లెక్కల్లో అది అంతకాలం నిలబడడానికి అదొక కారణం. తర్వాత 2020 ఏప్రిల్‌లో, కరోనా వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తితే, కోబాల్ తెలిసినవాళ్లు కావాలని న్యూజెర్సీ గవర్నరు బహిరంగంగా అడగాల్సి వచ్చింది. ప్రోగ్రాం నడుస్తూనే ఉన్నా, దాన్ని చదవగల మనుషులు దొరకడమే కష్టమైంది.

అందుకే సంఘం సాఫ్ట్‌వేర్ మళ్లీ రాశాం. ఈ రెండోసారి జావా, పోస్ట్‌గ్రెస్ తీసుకున్నాం. చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లో కంప్యూటర్స్ చదివిన పిల్లలకు జావా వచ్చు, రేపు ఎవరైనా చూసుకోగలరు. డబ్బుకు బిగ్‌డెసిమల్ వాడాం. పదిని మూడుతో భాగించమని ఊరికే అంటే అది ఒప్పుకోదు, ఎన్ని స్థానాలకు, ఎటు సర్దాలో చెప్పకపోతే ఎర్రర్ ఇస్తుంది. ఇదివరకు నాకు విసుగు పుట్టించిన ఆ చాదస్తమే ఇక్కడ కావాల్సింది. ఫాక్స్‌ప్రో చూసే ఆయన నా పక్కన కూర్చుని పీఆర్‌జీ ఫైళ్లు లైను లైనుగా చదివి చెప్పారు. ఒకచోట, ఒక ఏడాది ఇచ్చిన రుణాలకు కొన్ని నెలల వడ్డీ వదిలేసే షరతు కనబడింది. నేను ఒంటరిగా ఉంటే తప్పనుకుని తీసేసేవాణ్ణే. పంట పోయిన ఏడాది పాలకవర్గం చేసిన తీర్మానం అది. తీర్మానం నంబరు, తేదీ పుస్తకంలో వెతికి, జావా కోడ్‌లో ఆ షరతు పైన కామెంటుగా రాశాం.

మార్చి 31 లెక్కలు ముగిసేదాకా ఫాక్స్‌ప్రో, జావా ప్రోగ్రాములు రెండింటినీ పక్కపక్కనే నడిపాం. రోజూ సాయంత్రం రెండు డే బుక్కులూ పైసాతో సహా కలిశాకే అకౌంటెంటు గారు సంతకం పెట్టేవారు. పాస్‌బుక్ ప్రింటింగ్ మాత్రం ఇంకా ఫాక్స్‌ప్రోలోనే, ఒక పాత 32 బిట్ కంప్యూటర్ మీద నడుస్తోంది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుకు రిబ్బన్లు దొరికినన్నాళ్లు దాన్ని కదపొద్దన్నారు అకౌంటెంటు గారు. నేనూ సరేనన్నాను.